పూతరేకుల ఊరికి పదేళ్లు నిలిచే వెబ్‌సైట్

ఆత్రేయపురంలో పూతరేకు తీయడానికి ఏ బియ్యం పడితే ఆ బియ్యం పనికిరాదు. జయ బియ్యం కావాలి. నానబెట్టి, మెత్తగా రుబ్బి, బాగా పలచన చేసిన పిండిలో గుడ్డ ముంచి, బోర్లించిన కుండ వీపు మీద ఒక్క ఊపున పరిస్తే క్షణాల్లో రేకు తయారవుతుంది. కుండ నునుపు, కింది సెగ, పిండి పలచన, వీటిలో ఏది తేడా చేసినా రేకు చిరుగుతుంది, లేదంటే మందంగా వస్తుంది. ఊళ్లోనూ చుట్టుపక్కలా ఈ పని మీద బతుకుతున్న కుటుంబాలు ఎన్నో. రేకు తీసే చేతులు ఎక్కువగా ఆడవాళ్లవి.

2023 జూన్‌లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. దరఖాస్తు పెట్టింది సర్ ఆర్థర్ కాటన్ ఆత్రేయపురం పూతరేకుల తయారీదారుల సంక్షేమ సంఘం. గుర్తింపు సంఘం పేరు మీద ఉన్నా, 1999 నాటి చట్టం ప్రకారం దాన్ని వాడుకోదలచిన ప్రతి తయారీదారూ చెన్నైలోని రిజిస్ట్రీలో అధీకృత వినియోగదారుగా విడిగా నమోదు కావాలి. ఈ సంగతి కొనేవాళ్లలో చాలామందికి తెలియదు. హైదరాబాద్‌లోనో డాలస్‌లోనో ఆన్‌లైన్‌లో డబ్బా తెప్పించుకునే మనిషికి మాత్రం ఒకటే అనుమానం: ఇది నిజంగా ఆత్రేయపురం నుంచే వచ్చిందా?

ఆ అనుమానం తీర్చడానికి పెద్ద యంత్రాంగం అక్కర్లేదు. అధీకృత తయారీదారులు ఎవరు, వాళ్ల దుకాణం ఎక్కడ, ఫోన్ నంబరు ఏమిటి, రేకులో ఏమేం వేస్తారు అన్న వివరాలతో సంఘం తరఫున నాలుగు పేజీల వెబ్‌సైట్ ఉంటే చాలు. ఈ సమాచారం గంటగంటకీ మారేది కాదు, ఏడాదికి కొన్నిసార్లు దిద్దితే సరిపోతుంది. అయితే ఆ పేజీలు ఏళ్ల తరబడి తెరుచుకుంటూ ఉండాలి. భౌగోళిక గుర్తింపును పదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి కాబట్టి, కనీసం అప్పటిదాకా సైట్ కూడా నిలవాలని కోరుకోవడం అత్యాశేమీ కాదు.

అలా నిలవాలంటే రెండు షరతులు ఉన్నాయి. మొదటిది, సైట్ స్టాటిక్‌గా ఉండాలి. రెండోది, దాన్ని కట్టడానికి వాడిన ప్రతి ప్యాకేజీ వెర్షన్ నంబరుతో సహా బిగించి ఉండాలి. మొదటి దాని గురించి అంతో ఇంతో ప్రచారం ఉంది. రెండోదాన్ని మన ఊళ్లలో సైట్లు చేయించుకునేవాళ్లు అడగరు, చేసేవాళ్లలో చాలామంది ఇవ్వరు. అడగాలి, ఇవ్వాలి అని గట్టిగా చెప్పాల్సిన సమయం వచ్చింది.

స్టాటిక్ సైట్ అంటే ముందే తయారుచేసి పెట్టిన పేజీల కట్ట. ఎవరైనా వచ్చి అడిగితే సర్వర్ ఆ పేజీని అలాగే చేతికి ఇస్తుంది. డైనమిక్ సైట్లో అడిగిన ప్రతిసారీ వెనకాల ఒక ప్రోగ్రాం నడిచి, డేటాబేస్‌ను కదిలించి, అప్పటికప్పుడు పేజీ వండుతుంది. బ్యాంకుకీ రైల్వే రిజర్వేషన్‌కీ ఆ వంట తప్పదు. తయారీదారుల జాబితాకి దాని అవసరం లేదు. 1991లో సెర్న్ ప్రయోగశాలలో మొదలైన ప్రపంచపు తొలి వెబ్‌సైట్ స్టాటికే. ఇలాంటి సైట్‌కి డేటాబేస్ లేదు కాబట్టి దాన్ని బద్దలు కొట్టే దారీ ఉండదు. పాస్‌వర్డుతో లోపలికి వెళ్లే పేజీ లేదు కాబట్టి ఆ పాస్‌వర్డు దొంగిలించే అవకాశమూ ఉండదు. గిట్‌హబ్ పేజెస్, క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్, నెట్లిఫై వంటి చోట్ల చిన్న సైట్లను ఉచితంగానే నిలపవచ్చు.

ఈ పద్ధతి ఎంత బరువు మోయగలదో మన దేశంలోనే చూశాం. కొవిడ్ రోజుల్లో జిల్లాల వారీ కేసుల సంఖ్య కోసం కోట్లమంది తెరిచిన కొవిడ్19ఇండియా సైట్‌ను నడిపింది స్వచ్ఛంద కార్యకర్తలు. వాళ్లు అంకెలను ముందే తయారుచేసిన జేసన్ ఫైళ్లుగా బయట పెట్టేవారు, పత్రికలూ పరిశోధకులూ వాటిని నేరుగా తీసుకునేవారు. 2021 అక్టోబరు 31న ఆ బృందం పని ఆపేసింది. అమెరికాలో 2013 అక్టోబరు 1న ఆరోగ్య బీమా సైట్ ప్రారంభమైన రోజు ఖాతాలు తెరిచే భాగం కుప్పకూలి ప్రభుత్వం తలదించుకుంది. అదే సైట్లో సమాచారం చెప్పే ముందు పేజీలు జెకిల్ అనే స్టాటిక్ జనరేటర్‌తో కట్టినవి. గండం వచ్చింది వాటికి కాదు.

ఇంతవరకూ అంతా బాగానే ఉంది. చిక్కు తయారీ దగ్గర వస్తుంది.

ఈ రోజుల్లో పేజీలను చేత్తో రాసేవాళ్లు తక్కువ. జెకిల్, హ్యూగో, ఎలెవెంటీ, ఆస్ట్రో వంటి జనరేటర్లలో ఒకదాన్ని తీసుకుని, సమాచారాన్ని ఒక మూసలో పోసి, 'బిల్డ్' అంటే పేజీలు వస్తాయి. వీటిలో జావాస్క్రిప్ట్ మీద నడిచేవి ఎన్‌పీఎం అనే భాండాగారం నుంచి ప్యాకేజీలను తెచ్చుకుంటాయి. సైట్ చేసే అబ్బాయి తన చేత్తో రాసుకునేది ఐదారు ప్యాకేజీల పేర్లే. ఆ ఐదారూ మరో యాభైని పిలుస్తాయి, ఆ యాభై ఇంకా కొన్నింటిని పిలుస్తాయి. చివరికి నాలుగు పేజీల సైట్ వెనక వందల ప్యాకేజీలు వచ్చి కూర్చుంటాయి. వాటిని రాసినవాళ్లు ప్రపంచం నలుమూలలా ఉన్నారు. వాళ్లలో చాలామంది జీతం లేకుండా, ఖాళీ సమయంలో, మంచి మనసుతో రాస్తున్నవాళ్లు.

పేర్ల పక్కన వెర్షన్ రాసే తీరులో ఒక చిన్న గుర్తు ఉంటుంది, టోపీ ఆకారంలో. '1.4.0' ముందు ఆ టోపీ పెడితే 1.4.0 గానీ, ఆ తర్వాత వచ్చిన 1 వరుసలోని మరే వెర్షన్ గానీ సరేనని అర్థం. ఎన్‌పీఎం తనంతట తాను ఆ టోపీ పెట్టేస్తుంది. అందుకే జనవరిలో బిల్డ్ చేసిన సైట్, జూన్‌లో బిల్డ్ చేసిన సైట్, ఒక్క అక్షరం మార్చకపోయినా, రెండూ వేర్వేరు సరుకుతో తయారుకావచ్చు. చాలాసార్లు తేడా కంటికి కనపడదు. కనపడిన రోజు సైట్ అసలు లేవదు.

2016 మార్చి 22న బిల్డులు అలా ఆగిపోవడం ప్రపంచమంతటా జరిగింది. అజర్ కోచులు అనే ప్రోగ్రామర్‌కు ఎన్‌పీఎంలో 'కిక్' అనే పేరుతో ఒక ప్యాకేజీ ఉండేది. అదే పేరుతో ఉన్న మెసేజింగ్ కంపెనీ ఆ పేరు తమకు కావాలంది. ఎన్‌పీఎం దాన్ని కంపెనీకి ఇచ్చింది. మనసు కష్టపెట్టుకున్న కోచులు తన 273 ప్యాకేజీలనూ భాండాగారం నుంచి తీసేశాడు. వాటిలో ఒకటి లెఫ్ట్-ప్యాడ్. మొత్తం 11 పంక్తులు. ఒక మాటకు ఎడమ వైపు ఖాళీలో సున్నాలో చేర్చడమే దాని పని. కానీ దాని మీద వేరే ప్యాకేజీలు, వాటి మీద బేబెల్ వంటి పెద్ద పనిముట్లు ఆధారపడి ఉన్నాయి. ఆ పేరే వినని వేలమంది ప్రోగ్రామర్ల బిల్డులు ఒకేసారి ఆగిపోయాయి. తొలగించిన ప్యాకేజీని ఎన్‌పీఎం సుమారు రెండు గంటల్లో తానే వెనక్కి పెట్టింది. ఆ తర్వాత ప్యాకేజీలను ఇష్టం వచ్చినట్టు తీసేయడానికి వీల్లేకుండా నిబంధన మార్చింది.

కోచులు ఎవరికీ హాని తలపెట్టలేదు. తర్వాతి సంఘటనలను గురించి ఆ మాట అనలేం. 2018 నవంబరులో ఈవెంట్-స్ట్రీమ్ అనే ప్యాకేజీ సంగతి బయటపడింది. పాత రచయిత ఓపిక లేక దాని బాధ్యతను అడిగిన అపరిచితుడికి అప్పగించాడు. ఆ కొత్త మనిషి అందులో బిట్‌కాయిన్ దొంగిలించే కోడ్‌ను దాచాడు. 2022 జనవరిలో కలర్స్ అనే ప్యాకేజీని దాని సొంత రచయితే పాడుచేశాడు. పెద్ద కంపెనీలు తన శ్రమను ఉచితంగా వాడుకుంటున్నాయన్న కోపంతో, ఆగకుండా తిరిగే లూప్‌ను పెట్టి 1.4.1గా విడుదల చేశాడు. 1.4.0 ముందు టోపీ ఉన్నవాళ్లకి అది దానంతట అదే వచ్చిపడింది. 1.4.0 దగ్గర బిగించుకున్నవాళ్లకి ఏమీ కాలేదు.

స్టాటిక్ సైట్లకు నేరుగా తగిలేది 2025 సెప్టెంబరు 8 నాటి సంగతి. ఎన్‌పీఎం సహాయ విభాగం నుంచి వచ్చినట్టు కనపడే నకిలీ ఈమెయిల్ ఒక రచయితకు వచ్చింది. ఆయన నమ్మి వివరాలు ఇచ్చాడు. దాంతో చాక్, డీబగ్ సహా 18 ప్యాకేజీల్లో దొంగ కోడ్ ఎక్కింది. ఆ 18కి కలిపి వారానికి 200 కోట్లకు పైగా డౌన్‌లోడ్లు ఉన్నాయి. ఆ కోడ్ పనిచేసేది సందర్శకుడి బ్రౌజర్లోనే. అతను క్రిప్టో డబ్బు పంపబోతే, చేరే ఖాతాను మార్చేస్తుంది. దొంగ వెర్షన్లు సుమారు రెండు గంటలే బయట ఉన్నాయి. ఆ రెండు గంటల్లో ఎక్కడో ఎవరో తమ సైట్లో ఒక ఫోన్ నంబరు దిద్ది మళ్లీ బిల్డ్ నొక్కి ఉంటే, వెర్షన్లు బిగించి లేకపోతే, ఆ కోడ్ వాళ్ల పేజీల్లోకి చేరే దారి తెరుచుకున్నట్టే. స్టాటిక్ సైట్‌కి సర్వర్ వైపు తలుపులు లేకపోవచ్చు గానీ, సరుకు వచ్చే తలుపు మాత్రం ఉంది.

దీనికి విరుగుడు చాలా ఏళ్లుగా అందుబాటులో ఉంది. దాని పేరు లాక్ ఫైల్. రూబీ భాషలో బండ్లర్ అనే పనిముట్టు 2010 నాటికే దాన్ని అలవాటు చేసింది. ఫేస్‌బుక్ 2016 అక్టోబరులో యార్న్‌ను తెచ్చినప్పుడు జావాస్క్రిప్ట్ వాళ్లలో దాని వాడుక పెరిగింది. 2017 మేలో ఎన్‌పీఎం 5తో 'ప్యాకేజ్-లాక్' అన్న ఫైల్ తనంతట తానే పుట్టడం మొదలైంది. వందల ప్యాకేజీల్లో ప్రతిదాని ఖచ్చితమైన వెర్షన్, అది వచ్చిన చిరునామా, దాని వేలిముద్ర లాంటి షా-512 సంఖ్య అందులో ఉంటాయి. ఒక్క అక్షరం మారినా ఆ సంఖ్య కలవదు, కలవకపోతే బిల్డ్ ఆగుతుంది. మామూలు ప్యాకేజీల జాబితా 'బియ్యం' అని రాసుకున్న చీటీ అయితే, లాక్ ఫైల్ 'జయ బియ్యం, ఫలానా మిల్లు, ఫలానా బస్తా' అని రాసిపెట్టిన చీటీ. ఆత్రేయపురంలో రేకు తీసేవాళ్లకి ఈ తేడా ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

అయినా ఆ ఫైల్ మన చేతికి రాదు. కొందరు దాన్ని యంత్రం పుట్టించిన చెత్త అనుకుని తీసేస్తారు. కొందరు లాక్ ఫైల్ వల్ల ఏదో ఎర్రర్ వచ్చిందని, ఇంటర్నెట్‌లో దొరికిన సలహా చూసి చెరిపేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. ఆ క్షణానికి ఎర్రర్ పోతుంది, దానితోపాటు సైట్ చరిత్ర కూడా పోతుంది. ఇంకొందరు ఫైల్‌ను ఉంచుతారు గానీ, సర్వర్ మీద 'ఎన్‌పీఎం ఇన్‌స్టాల్' నడుపుతారు. ఆ ఆదేశానికి అవసరమనిపిస్తే లాక్ ఫైల్‌ను దిద్దే చనువు ఉంది. దాని బదులు 2018లో వచ్చిన 'ఎన్‌పీఎం సీఐ' వాడాలి. అది పాత ప్యాకేజీల ఫోల్డర్‌ను మొత్తం తుడిచేసి, లాక్ ఫైల్లో ఉన్నది ఉన్నట్టు తెస్తుంది. ప్యాకేజీల పేర్లు రాసుకున్న ఫైల్‌కీ లాక్ ఫైల్‌కీ పొత్తు కుదరకపోతే ముందుకు కదలదు. ఒక్క పదం మార్పు, ఎంతో తేడా.

ప్యాకేజీలు బిగిస్తే పని అయిపోయిందనుకోవడం కూడా పొరపాటే. వాటిని నడిపే పొయ్యి కూడా అదే ఉండాలి. జావాస్క్రిప్ట్ ప్యాకేజీలకి ఆ పొయ్యి నోడ్. 2021 అక్టోబరులో నోడ్ 17 వచ్చినప్పుడు అందులో ఓపెన్‌ఎస్ఎస్ఎల్ 3 చేరింది. ఎండీ4 అనే పాత లెక్కను అది ఒప్పుకోదు. చాలా సైట్ల బిల్డులో వాడే వెబ్‌ప్యాక్ అనే పనిముట్టు నాలుగో వెర్షన్ ఆ లెక్కనే వాడుతుంది. లాక్ ఫైల్ చెక్కుచెదరకుండా ఉన్నా, కొత్త ల్యాప్‌టాప్‌లో కొత్త నోడ్ వేసుకున్నవాళ్ల సైట్లు లేవలేదు. తెర మీద కనపడిన సందేశం ఎన్‌క్రిప్షన్ గురించి మాట్లాడుతుంటే, సమస్య ఎక్కడుందో తెలియక రోజుల తరబడి తిరిగినవాళ్లున్నారు. రూబీ 3.0 2020 డిసెంబరు 25న వచ్చినప్పుడు వెబ్రిక్ అనే భాగాన్ని తనలోంచి తీసేసింది. రూబీ మీద నడిచే జెకిల్‌తో సైట్‌ను సొంత కంప్యూటర్లో చూసుకునేవాళ్లకి ఆ పని ఆగిపోయింది. నోడ్ వెర్షన్‌ను ఒక చిన్న ఫైల్లో ఒక్క పంక్తిగా రాసిపెట్టవచ్చు. ఆ పంక్తి రాయడానికి అర నిమిషం పడుతుంది.

హోస్టింగ్ చోటుకి కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. గిట్‌హబ్ పేజెస్‌కి మూల ఫైళ్లు ఇస్తే అదే జెకిల్‌తో బిల్డ్ చేస్తుంది గానీ, 2019 ఆగస్టులో జెకిల్ 4 వచ్చిన తర్వాత కూడా చాలా ఏళ్లు జెకిల్ 3 వరుసతోనే చేసింది. ఇంట్లో 4తో చూసుకుని అక్కడికి పంపితే పేజీ వేరేగా వస్తుంది. మరో చిక్కు మరీ చిన్నది, మరీ తరచుగా వచ్చేది. విండోస్‌లో ఫైల్ పేరు పెద్ద అక్షరాల్లో రాసినా చిన్న అక్షరాల్లో రాసినా ఒకటే. లైనక్స్ సర్వర్‌కి రెండూ వేరు. ల్యాప్‌టాప్‌లో నిగనిగలాడే బొమ్మ ఇంటర్నెట్‌లోకి వెళ్లగానే మాయమవడానికి ఎక్కువసార్లు ఇదే కారణం.

తెలుగువాళ్లకి ఈ పరాధీనత కొత్త కాదు. తొంభైల చివర్లో తెలుగు దినపత్రికలు ఇంటర్నెట్‌లోకి వచ్చినప్పుడు ప్రతి పత్రికా తన సొంత ఫాంటుతో, తన సొంత సంకేతాలతో వచ్చింది. తెలుగుకి యూనికోడ్‌లో 1991 నుంచీ చోటున్నా, మామూలు కంప్యూటర్లలో అది కనపడటం 2001లో విండోస్ ఎక్స్‌పీ వచ్చాకే మొదలైంది. ఈలోగా రాసిందంతా ఆయా ఫాంట్లకి కట్టుబడిపోయింది. ఫాంటు లేని కంప్యూటర్లో తెలుగు వార్త బదులు అర్థంకాని ఇంగ్లిష్ అక్షరాల గుంపు కనిపించేది. తెలుగు వికీపీడియాకు ఆద్యుడైన వెన్న నాగార్జున 'పద్మ' అనే ఫైర్‌ఫాక్స్ పొడిగింపు తయారుచేసి, ఆ ఫాంట్ల రాతను యూనికోడ్‌లోకి మార్చే దారి చూపించాడు. ఒక్క మనిషి చేసిన మేలు అది. ఆ పేజీలు కూడా స్టాటికే. హెచ్‌టీఎంఎల్ చెక్కుచెదరలేదు. వాటికి ఆధారమైన వస్తువు దూరమైంది, అంతే.

ఈ రోజు ఆ కష్టం అక్కర్లేదు. సిలికానాంధ్ర చొరవతో వెలువడిన మండలి, రామభద్ర, గురజాడ, గిడుగు, పెద్దన, ధూర్జటి వంటి యూనికోడ్ ఫాంట్లు స్వేచ్ఛా లైసెన్సుతో దొరుకుతున్నాయి. వాటిని వేరే సర్వర్ నుంచి ప్రతిసారీ తెప్పించుకునే బదులు, ఫాంటు ఫైల్‌ను సైట్ ఫోల్డర్లోనే పెట్టుకోవచ్చు. లైసెన్సు దానికి అనుమతిస్తుంది. అప్పుడు పదేళ్ల తర్వాత కూడా ఆ పేజీ అదే అక్షరాలతో తెరుచుకుంటుంది.

బయటి సర్వర్ నుంచి స్క్రిప్టులు తెప్పించుకునే అలవాటు ఇంకా ప్రమాదం. పాత బ్రౌజర్లకి సాయం చేసే పాలిఫిల్ డాట్ ఐఓ అనే సేవను లక్షకు పైగా సైట్లు ఒక్క పంక్తితో తమ పేజీల్లోకి పిలుచుకునేవి. 2024 ఫిబ్రవరిలో ఆ డొమైన్ చేతులు మారింది. ఆ సేవను మొదట రూపొందించిన ఆండ్రూ బెట్స్ అప్పుడే దాన్ని తీసేయమని అందరికీ చెప్పాడు. చాలామంది వినలేదు. జూన్‌కల్లా అదే చిరునామా నుంచి సందర్శకులను వేరే సైట్లకు మళ్లించే కోడ్ రావడం మొదలైంది. ఆ లక్ష సైట్ల యజమానుల్లో ఎందరికి తమ పేజీలో ఆ పంక్తి ఉందని తెలుసు? సైట్ చేసిన మనిషి ఎప్పుడో వెళ్లిపోయి ఉంటాడు.

ఆత్రేయపురం ఉన్న కోనసీమకు ప్రత్యేకంగా వర్తించే కోణం ఇంకొకటి ఉంది. 2022 మే 24న అమలాపురంలో జరిగిన అల్లర్ల తర్వాత జిల్లాలో ఇంటర్నెట్‌ను చాలా రోజులు నిలిపివేశారు. ఇంటి నుంచి పనిచేసే సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు సిగ్నల్ దొరికే చోటు వెతుక్కుంటూ వెళ్లిన వార్తలు అప్పుడు వచ్చాయి. తుపాన్లు, వరదలు వచ్చినప్పుడు కూడా ఇక్కడ నెట్ ముందు పోతుంది. బయట ఎక్కడో నిలిపిన స్టాటిక్ సైట్ అలాంటి రోజుల్లో కూడా హైదరాబాద్ వాళ్లకి తెరుచుకుంటూనే ఉంటుంది. కానీ అందులో ఒక మార్పు చేయాలంటే? ప్యాకేజీలను ఇంటర్నెట్ నుంచి తెచ్చుకునే బిల్డ్ ఆ రోజు జరగదు. ఒకసారి తెచ్చుకున్న ప్యాకేజీలను కంప్యూటర్లో దాచుకుని, నెట్ లేకుండానే బిల్డ్ చేసే వీలు ఎన్‌పీఎంలో ఉంది. లాక్ ఫైల్ ఉంటేనే ఆ వీలు సరిగా అక్కరకొస్తుంది. తయారైన పేజీలను పెన్‌డ్రైవ్‌లో వేసుకుని గోదావరి బ్యారేజీ దాటి రాజమండ్రిలో ఎక్కించవచ్చు.

వెర్షన్లు బిగించడం మీద ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. బిగించి వదిలేస్తే పాత లోపాలు కూడా అలాగే ఉండిపోతాయి కదా అని. నిజమే. లాక్ ఫైల్ తాళం వేసి మరిచిపోవడానికి కాదు. ఎప్పుడు మార్చాలో మనం నిర్ణయించుకోవడానికి. మూడు నాలుగు నెలలకోసారి కూర్చుని, ఏం మారిందో చదివి, సైట్ లేస్తుందో లేదో చూసి, కొత్త లాక్ ఫైల్‌ను దాచుకోవాలి. 2025 సెప్టెంబరు దాడి తర్వాత పీఎన్‌పీఎం అనే పనిముట్టులో మంచి ఏర్పాటు వచ్చింది. విడుదలైన వెంటనే ఏ వెర్షన్‌నీ తీసుకోకుండా, చెప్పినంత కాలం ఆగుతుంది. దొంగ వెర్షన్లు చాలావరకు గంటల్లో పట్టుబడుతున్నాయి కాబట్టి ఆ ఆగడం వల్లే ఎంతో ముప్పు తప్పుతుంది.

లాక్ ఫైల్ అన్నిటినీ ఆపలేదన్నది కూడా చెప్పుకోవాలి. లెఫ్ట్-ప్యాడ్ రోజున లాక్ ఫైల్ ఉన్నా, అందులో రాసిన ప్యాకేజీయే భాండాగారంలో లేదు. అందుకని బిల్డ్ అయిన పేజీల కట్టను కూడా ప్రతిసారీ జిప్ చేసి దాచాలి. స్టాటిక్ సైట్‌కి ఉన్న గొప్ప సౌకర్యం ఇదే. అన్ని పనిముట్లూ పాడైపోయినా, ఆ కట్టను ఏ సర్వర్ మీద పెట్టినా సైట్ లేస్తుంది.

ఇక ఎంపిక మాటకొస్తే, పూతరేకుల సంఘం వంటి చోట్లకి జావాస్క్రిప్ట్ జనరేటర్లు చాలాసార్లు అవసరానికి మించిన భారం. హ్యూగో ఒక్క ఫైల్‌గా వస్తుంది. ఆ ఫైల్‌నీ, దాని వెర్షన్ నంబరునీ మూల ఫైళ్లతోపాటు దాచుకుంటే వందల ప్యాకేజీల గొడవే ఉండదు. నాలుగు పేజీలే అయితే చేత్తో రాసిన హెచ్‌టీఎంఎల్‌ను మించింది లేదు. దానికి బిగించాల్సిన వెర్షనే ఉండదు. సైట్ చేసే కుర్రాళ్లు తమకు వచ్చిన కొత్త పనిముట్టునే వాడాలని ఉబలాటపడతారు. ఆ ఉత్సాహం మంచిదే గానీ, దాని ఖర్చు ఐదేళ్ల తర్వాత ఆ సంఘం మీద పడకూడదు.

కోనసీమతో సహా దేశంలోని ఎన్నో జిల్లాల ప్రభుత్వ సైట్ల వెనక నేషనల్ ఇన్ఫర్మేటిక్స్ సెంటర్ ఉంది. ఏదైనా పాడైతే చూసుకునే వ్యవస్థ ఉంది. ఊళ్లో తయారీదారుల సంఘానికీ, నేత సహకార సంఘానికీ, పాత పుస్తకాల గ్రంథాలయానికీ అలాంటి అండ లేదు. అందుకే డబ్బు ఇచ్చేటప్పుడే అడిగి తీసుకోవాలి. డొమైన్ సంఘం పేరు మీద, సంఘం ఈమెయిల్‌తో కొనాలి. మూల ఫైళ్లు, లాక్ ఫైల్, నోడ్ లేదా హ్యూగో వెర్షన్ రాసిన పంక్తి, బిల్డ్ అయిన పేజీల జిప్, ఇవన్నీ చేతికి వచ్చాకే చివరి వాయిదా ఇవ్వాలి. ఇంకో కంప్యూటర్లో, కాగితం మీద రాసిచ్చిన ఆదేశాలతో, సైట్‌ను మొదటి నుంచి కట్టి చూపించమనాలి. చూపించలేని సైట్‌కి పూర్తి డబ్బు ఇవ్వకూడదు. ఇందులో మొహమాటపడాల్సింది లేదు. ఇల్లు కట్టించుకున్నవాళ్లు ప్లాను కాగితం అడగరా?

ఆ పని నేర్పడానికి మన దగ్గర చోటు కూడా ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21లో చేరిన విద్యార్థుల నుంచి డిగ్రీ చదువులో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టునూ ఇంటర్న్‌షిప్‌నూ ఉన్నత విద్యామండలి తప్పనిసరి చేసింది. రాజమండ్రిలో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయం, కాకినాడలో జేఎన్‌టీయూ, వాటి కింద గోదావరి జిల్లాల నిండా కాలేజీలు ఉన్నాయి. కంప్యూటర్ విద్యార్థులు ప్రాజెక్టు పేరుతో ఎవరికీ పనికిరాని లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్‌ను మళ్లీ మళ్లీ రాస్తున్నారు. దాని బదులు చుట్టుపక్కల ఒక చేతివృత్తి సంఘానికి స్టాటిక్ సైట్ కట్టి ఇవ్వడాన్ని ప్రాజెక్టుగా పెట్టవచ్చు. మార్కులు వేసే పద్ధతి మార్చడం మరీ ముఖ్యం. ఒక జట్టు కట్టిన సైట్‌ను మరుసటి ఏడాది వచ్చిన జట్టు, వేరే కంప్యూటర్లో, పాతవాళ్లని ఒక్క ప్రశ్న కూడా అడగకుండా మళ్లీ కట్టాలి. రెండు బిల్డుల్లోని ఫైళ్ల వేలిముద్రలు పోల్చాలి. డెబియన్ లైనక్స్ వాళ్లు 2013 నుంచి తమ వేల ప్యాకేజీలను ఇలాగే, ఎవరు కట్టినా అదే ఫలితం వచ్చేలా తీర్చిదిద్దుతున్నారు. నాలుగు పేజీల సైట్ మీద ఆ పరీక్షకి ఒక మధ్యాహ్నం సరిపోతుంది. మొదటి జట్టు మార్కుల్లో సగం ఆ మధ్యాహ్నం తర్వాతే వేయాలి.